జువైనా కుట్టిన గడియారాలు

జువైనా ఇంట్లో ఒక కాఫీ కప్పు ఎప్పుడూ బోర్లించి ఉండేది.

పిడి లేని చిన్న కప్పు. కిటికీ కింద, కుట్టుపని బల్ల మీద. కొత్తవాళ్లెవరైనా దాన్ని ఎత్తబోతే జువైనా వాళ్ల మణికట్టు పట్టుకునేది. కప్పు కింద గడియారం ఉండేది. అద్దం తీసి, ముళ్లు తీసి, ఒలిచిన కాయలా. మా ఊరు గుబైరాలో దుమ్ము పడని చోటు కాఫీ కప్పు లోపల ఒక్కటే.

"లోపల ఏముంది, తేలా?" అని అడిగేవాళ్లం.

"తేలైతే అదే బయటికొచ్చేది. ఇది రాదు. నేనే లోపలికెళ్లాలి" అనేది.

అది తెరిచి ఉన్నంతసేపూ ఇంట్లో సాంబ్రాణి వేయనిచ్చేది కాదు. పొగ కూడా దుమ్మే అనేది. చుట్టాలొస్తే సాంబ్రాణి పట్టకుండా పంపడం మా దగ్గర మర్యాద కాదు. అందుకని ఆమెని పిసినారి అన్నవాళ్లున్నారు. ఆమె పట్టించుకోలేదు.

ఆమె ముహన్నా కూతురు. కొండ అవతలి ఊరికి ఇచ్చారు. భర్త లారీ నడిపేవాడు. అతను పోయాక పుట్టింటికి వచ్చింది. పిల్లల్లేరు. వస్తూ తెచ్చుకున్నవి కుట్టుపెట్టె, అతని చేతి గడియారం. శుక్రవారం సంతలో కుప్పపోసి అమ్మే రకం, లోపల బిళ్ల బ్యాటరీ ఉండేది. కొన్నాళ్లకి అది ఆగిపోయింది. పారెయ్యమన్నారు. ఎక్కడ ఆగిందో చూడకుండా ఎలా పారేస్తానంది. టోపీలు కుట్టే సూదితో వెనక మూత లేపింది.

మర్నాడు మాకు చెప్పింది. "లోపల ఒక తీగచుట్ట ఉంది. మన వెంట్రుకలో సగం లావు. ఎవరు చుట్టారో. వాళ్ల చెయ్యి వణకలేదు."

అంతే చెప్పింది. చెప్పేటప్పుడు గొంతు తగ్గించింది, మసీదు గడపలో మాట్లాడినట్టు.

ఆ చేతులు అలాంటి పనికి అలవాటు పడినవే. మా ఊరి ఆడవాళ్లం కుమ్మా టోపీలు కుడతాం. తెల్లటి గుడ్డని రెండు పొరలు చేసి, ఆవగింజంత కన్నాలు పొడిచి, ఒక్కొక్క కన్నం అంచుని దారంతో చుట్టాలి. ఒక టోపీకి ఒక కాలం పడుతుంది. టోపీ చుట్టుకొలతను సమభాగాలు చేయడానికి మాకు స్కేలు అక్కర్లేదు. దారాన్ని చుట్టూ పెట్టి, మడిచి, మళ్లీ మడిచి, మడత పడ్డ చోటల్లా గుర్తు పెడతాం. జువైనా మడిచిన దారం వెంట్రుకవాసి కూడా తప్పేది కాదు.

ఆగిన గడియారంలో కొత్త బ్యాటరీ వేసింది. నడిచింది. కానీ పాత డయల్ మీద తుప్పు మరక ఉంది. ఆ డయల్ తీసేసి, టోపీ గుడ్డనే గంజి పెట్టి బిళ్లలా కత్తిరించి, నడుమ ఒక కన్నం కుట్టి, ముళ్లు మళ్లీ గుచ్చింది. తెల్లటి గుడ్డ మీద నల్లటి ముళ్లు. అది చూసి మా వీధంతా గడియారాలు పట్టుకుని వచ్చింది.

"జువైనా, మా ఆయన వాచీకి నాలుగు పువ్వులు కుట్టి పెట్టవే."

"పువ్వుల వాచీ ఆయన పెట్టుకుంటాడా?"

"పెట్టుకోడు. అందుకే కుట్టమంటున్నా. నేను పెట్టుకోవచ్చు."

అలా ఉండేది. నవ్వులాటలా ఉండేది. ముహన్నా సంగతి తెలిసేదాకా.

*

మా ఊరికి నీళ్లు కొండ కడుపులోంచి వస్తాయి. ఆ కాలువని ఫలజ్ అంటాం. ఎవరు తవ్వారో ఎవరికీ తెలియదు. అది పారుతుంది కాబట్టి మేం ఉన్నాం. ఒక్కొక్క తోటకి ఒక్కొక్క వంతు. వంతుని కొలిచేది అథర్. పగటికి ఇరవై నాలుగు అథర్లు, రాత్రికి ఇరవై నాలుగు. ఎవరి వంతు ఎప్పుడు ముగిసిందో చెప్పేవాడు ఆరిఫ్. ఆయన "అయింది" అంటే అయినట్టే. అప్పుడు తోటవాడు కాలువకి అడ్డం పెట్టుకున్న గుడ్డ చుట్టిన రాయిని తన చేత్తో తనే ఎత్తి పక్కన పెట్టాలి. ఒకరి రాయి ఇంకొకరు ముట్టరు. ఎత్తేవాడి మొహంలో చిరాకు ఉండొచ్చు. నోట్లో మాట ఉండకూడదు.

ముహన్నా మా ఆరిఫ్. ఆయన తండ్రీ ఆరిఫే.

మసీదు పక్కన ఖాళీ నేలలో ఒక ఖర్జూరపు దూలం నిలబెట్టి ఉంటుంది. దాని చుట్టూ విసనకర్ర రేకుల్లా పరిచిన రాళ్ల వరసలు. దూలం నీడ ఒక వరస మీద నుంచి పక్క వరస మీదకి జరిగితే ఒక అథర్. రాత్రిళ్లు కొండ అంచున పొడిచే చుక్కలు లెక్క. వీధి దీపాలు వచ్చాక చుక్కలు పల్చబడ్డాయని ఊరంతా అంది. ముహన్నా కూడా అన్నాడు. దీపాలు లేని పట్టపగలు కూడా తనకి పల్చబడుతోందని మాత్రం ఎవరితోనూ అనలేదు.

జువైనా ఒకరోజు ఉదయం కాఫీ తీసుకెళ్లింది. ముహన్నా దూలం పక్కన మోకాళ్ల మీద ఉన్నాడు. అరచేత్తో నేల తడుముతున్నాడు. కొంచెం ఇటు, కొంచెం అటు.

"ఏం పడిపోయింది నాన్నా?"

"నీడ" అన్నాడు.

ఎండ పడిన మట్టి వేడిగా ఉంటుంది, నీడ పడిన మట్టి చల్లగా ఉంటుంది. ఆ తేడాని చేత్తో వెతుకుతున్నాడు. రాళ్లు కాలికి తగులుతాయి. నీడకి తగిలే అంచు లేదు.

ఆమె కాఫీ కింద పెట్టి పక్కనే కూర్చుంది.

"ఎన్నాళ్ల నుంచి?"

"కాఫీ చల్లారుతుంది, కప్పులో పొయ్యి" అన్నాడు.

పట్నంలో డాక్టరు కళ్లలోకి దీపం వేసి చూశాడు. పోయిన చూపు తిరిగి రాదన్నాడు. ముహన్నా ఆయనకి కృతజ్ఞత చెప్పి, తడుముకోకుండా తలుపు దాకా నడిచి, పక్క గది తలుపు తీశాడు.

ఇక దాచడం కుదరలేదు. ఊరిపెద్ద జాహిర్ ఇంటికి వచ్చాడు. మంచి మనిషి. ఖర్జూరాలు తిన్నాడు, కాఫీ తాగాడు, తోటల గురించి మాట్లాడాడు, వానల గురించి మాట్లాడాడు. చివరికి అన్నాడు.

"బాబాయ్, అందరి దగ్గరా ఫోన్లున్నాయి. ఎవరి వంతు వాళ్లు చూసుకుంటారు. నువ్వు నీడన కూర్చోవచ్చు."

"నేను కూర్చునేది నీడ దగ్గరేగా" అన్నాడు ముహన్నా. "టైము ఒకటే జాహిర్. కాదనను. కానీ చూసేవాడు తోటవాడైతే, తన వంతులో ముల్లు మెల్లగా నడుస్తుంది. పక్కవాడి వంతులో పరిగెడుతుంది."

జాహిర్ నవ్వాడు. "పోనీ మాట్లాడే గడియారం ఒకటి తెప్పిస్తాను. మీట నొక్కితే గంట చెబుతుంది."

"గంటలు నాకెందుకు? నాకు అథర్లు కావాలి."

జాహిర్ కప్పుని రెండు వేళ్ల మధ్య ఆడించి, చాలన్నట్టు కింద పెట్టాడు. "ఖర్జూరం కోత దాకా చూద్దాం. అప్పటికీ వంతులు తిన్నగా నడిస్తే ఈ మాట మళ్లీ ఎత్తను."

"నడవకపోతే?"

"ఆ మాట నాతో అనిపించకు బాబాయ్."

"నీతో అనిపించను. ఆరిఫ్‌గా పట్టుకున్న ఈ చేతికర్ర నేనే తెచ్చి నీకిస్తాను."

తలుపు చాటున ఉన్న జువైనా అంతా విన్నది. తండ్రికి ఆస్తి లేదు, తోట లేదు. ఊరందరి నీళ్లూ ఆయన నోటి మాట మీద పారతాయి, అదొక్కటే ఆయనకున్నది. అది పోతే ముహన్నా గోడవారన కూర్చుని ఎవరెవరు నడిచిపోతున్నారో అడుగుల చప్పుడు బట్టి చెప్పుకునే ముసలివాడు.

ఆమె బల్ల దగ్గరికి వెళ్లి కాఫీ కప్పు ఎత్తింది.

*

గడియారంలో చిన్న ముల్లు పగటికి ఒక చుట్టు, రాత్రికి ఒక చుట్టు తిరుగుతుంది. పగటికి ఇరవై నాలుగు అథర్లు. చుట్టుని ఇరవై నాలుగు భాగాలు చేస్తే చాలు. పెద్ద ముల్లూ వద్దు, గబగబా పరిగెత్తే సన్న ముల్లూ వద్దు. ఒక్క ముల్లు చాలు. దాన్ని వేలితో చూడగలగాలి.

అద్దం పీకేసింది. టోపీ గుడ్డకి గంజి బదులు తేనెమైనం పట్టించింది, నూగు రాలి లోపలి పళ్ల చక్రాల్లో ఇరుక్కోకుండా. దారం చుట్టూ పెట్టింది. మడిచింది, మళ్లీ మడిచింది. గుర్తు పడిన ప్రతి చోటా ఒక ముడి కుట్టింది. మొదలు తెలియడానికి ఒక చోట జంట ముడి. వేలు పెడితే ముడులు గింజల్లా తగిలాయి.

ముల్లుతోనే కష్టమైంది. గడియారంతో వచ్చిన ముల్లు రేకు, వేలు తగిలితే వంగిపోయింది. సూదిని అతికించింది. ఆ బరువుకి అది కిందికి వాలి గుడ్డని రాసుకుంది, గడియారం ఆగిపోయింది. హల్వా డబ్బా మూత నుంచి సన్నటి రేకు ముక్క కత్తిరించింది. అది వేలిని కోసింది. ముహన్నా వేలు చప్పరిస్తూ అన్నాడు, "అమ్మాయ్, టైము తెలుసుకోమన్నావా, బలి ఇమ్మన్నావా?"

చివరికి పెరట్లోకి వెళ్లి ఖర్జూరపు మట్ట నుంచి ఒక ముల్లు విరుచుకొచ్చింది. దాన్ని బ్లేడుతో నిలువునా చీల్చి, మళ్లీ చీల్చి, వెదురు నారంత సన్నం చేసింది. తేలిక. గట్టి. కొస వైపు తనంతట తనే సన్నబడింది. పాత ముల్లు మొదలుని మాత్రం ఉంచి దానికి అతికించింది. కప్పు బోర్లించింది. ఆ పూట మమ్మల్ని ఎవర్నీ గదిలోకి రానివ్వలేదు, ఊపిరి తగులుతుందని.

కప్పు ఎత్తేసరికి ముల్లు ఒక ముడి దాటి ఉంది.

ముహన్నా మొదటిసారి ముట్టుకున్నప్పుడు ముల్లుని తోసేశాడు. రెండోసారీ తోసేశాడు.

"నాన్నా, గట్టిగా కాదు. ఖర్జూరపు పూతకి పుప్పొడి అద్దుతావు చూడు, అంత."

ఆయనకి ఆ మాట చాలు. జీవితమంతా ఊరివాళ్ల తోటల్లో చెట్లెక్కి పూతకి పుప్పొడి అద్దిన వేళ్లు అవి. వేలు దిగింది. ముల్లు మీద వాలలేదు, దాని పక్కన ఆగింది. తర్వాత ముడుల మీద నడిచింది. ఆయన పెదవులు కదిలాయి. చాలాసేపు ఆ చెయ్యి అక్కడే ఉంచాడు.

"నడుస్తోంది" అన్నాడు. "ఇంత చిన్నదానిలో."

అద్దం లేదు కాబట్టి దుమ్ముకి మూత కావాలి. మిగిలిన గుడ్డతో గడియారానికి సరిపడా బుల్లి కుమ్మా ఒకటి కుట్టి తొడిగింది. దాన్ని చేతికి పెట్టుకుని ముహన్నా కాలువ గట్టు మీదికి రాగానే హుమైద్ చూశాడు. కాలువ చివర తోట అతనిది. నోరు ఊరుకోదు.

"బాబాయ్, నీ వాచీ కూడా నమాజుకి వస్తుందా?"

"వస్తుంది. నీకంటే ముందే వస్తుంది."

అవి పూత రోజులు. పగలూ రాత్రీ సమానంగా ఉన్నాయి. జువైనా నీడ దగ్గర నిలబడేది, ముహన్నా గట్టు మీద కూర్చునేవాడు. నీడ వరసని తాకగానే ఆమె చెప్పాలి, ముల్లు ముడిని తాకగానే ఆయన చెప్పాలి. ఇద్దరూ ఒకేసారి నోరు తెరిచారు. మళ్లీ ఒకేసారి. చుట్టూ చేరినవాళ్లు ఒకసారి నీడ వైపు, ఒకసారి గడియారం వైపు చూశారు. ఆకాశంలో ఉన్నదీ ఆయన మణికట్టు మీద ఉన్నదీ కలిసి నడుస్తున్నాయి. చుక్కల పని కూడా ఆ ముల్లే చేసింది. పొద్దు పొడవగానే ఒకసారి, అస్తమయం అజాన్‌కి ఒకసారి ముల్లుని మళ్లీ జంట ముడి మీదికి తిప్పితే చాలు.

*

పూత పిందె అయింది. పిందె రంగు తిరిగింది. కోత దగ్గరపడింది. ఎండ ముదిరింది.

హుమైద్‌ది అప్పుడు పగటి చివరి వంతు. ఒక సాయంత్రం ముహన్నా "అయింది" అన్నాడు. హుమైద్ రాయి ఎత్తాడు. ఎత్తి, దాన్ని చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. అతని నీడ కాలువకి అడ్డంగా పొడుగ్గా పడి ఉంది.

రాయి పక్కన పెట్టాకే మాట్లాడాడు. అంతవరకూ ఆచారం తప్పలేదు.

"బాబాయ్, నా నీళ్లు పొద్దుకంటే ముందే గూట్లో పడుతున్నాయి."

"ముల్లు చెప్పింది హుమైద్."

"ముల్లు చెప్పింది. అదిగో, సూర్యుడేమో ఇంకా ఏమీ చెప్పలేదు. ఆయన మాట కూడా విను."

ఊళ్లో గుసగుసలు మొదలయ్యాయి. ఆరిఫ్ పెద్దవాడైపోయాడన్నారు. వేలు తిమ్మిరెక్కిందన్నారు. గడియారాన్ని ఎవరూ అనలేదు. అది జువైనాకి ఇంకా గుచ్చుకుంది.

బ్యాటరీ నీరసించిందనుకుని మార్చింది. ముల్లు జారుతోందనుకుని ఊడదీసి మళ్లీ అతికించింది. మసీదులో గోడ గడియారం పక్కన పెట్టి చూసింది. రెండూ ఒకే నడక. గడియారంలో తప్పు లేదు. హుమైద్ మాటలోనూ తప్పు లేదు, సూర్యుడు ఆమెకీ కనిపిస్తూనే ఉన్నాడు. రెండు నిజాలు ఒకచోట ఇమడలేదు. కప్పు కింద ఏమీ పెట్టకుండానే బోర్లించి, దాని ముందు కూర్చుంది.

"నాన్నా, నీకేమైనా తెలిసిందా?"

ముహన్నా చెయ్యి వెనక్కి పెట్టి వీపు తడుముకున్నాడు. "నేను అయింది అన్నప్పుడు వీపు మీద ఎండ ఇంకా ఉంటోంది."

"మరి ఎందుకన్నావు?"

"వేలు ఒకటి చెప్పింది, వీపు ఒకటి చెప్పింది. నేను వేలినే నమ్మాను. నువ్వు చేశావని."

ఆమె లేచి వెళ్లిపోయింది. వంటింట్లో నీళ్ల చప్పుడు వినిపించింది, చాలాసేపు.

మర్నాడు పొద్దు పొడవకముందే గడియారంలో ముడులున్న గుడ్డ తీసేసి తెల్ల గుడ్డ పెట్టింది. ఏ గుర్తూ లేదు. ముల్లు ఒక్కటే. సూది తీసుకుని దూలం దగ్గర కూర్చుంది. నీడ ఒక వరసని తాకినప్పుడల్లా ముల్లు కొస ఎక్కడుందో అక్కడ గుడ్డకి ఒక పోటు పొడవడం. అంతే పని. మేం నీళ్లిచ్చాం, తలకి తడిగుడ్డ ఇచ్చాం. ఆమె కళ్లు నేల మీది నుంచి ఎత్తలేదు.

హుమైద్ గాడిద మీద గడ్డి వేసుకుని అటు వచ్చాడు. "ఏం చెల్లీ, నీడకి కాపలా కాస్తున్నావా? పారిపోతుందా?"

"పారిపోయేదే అన్నా. ఎంత మెల్లగా పారిపోతోందో చూస్తున్నా."

ఆ మాట అన్నాక ఆమె ఆగింది. తన మాటే తను మళ్లీ విన్నట్టుంది. గుడ్డ మీది పోట్ల వైపు చూసింది. దారం మడిచి పెట్టిన ముడుల కంటే అవి ఎడం ఎడంగా ఉన్నాయి.

వేసవి అథర్ లావు, చలికాలం అథర్ సన్నం. మా ఊళ్లో పసిపిల్లలకి కూడా తెలుసు. పగలు పొడుగైతే నీడ మెల్లగా జరుగుతుంది, అథర్ సాగుతుంది. ఈసారి పగటి వంతు వచ్చినవాడికి వచ్చేసారి రాత్రి వంతు, అలా ఎవరికీ అన్యాయం జరగదు. జువైనాకీ తెలుసు, మాకూ తెలుసు. కానీ గడియారం ముందు కూర్చున్నప్పుడు మాలో ఎవరికీ గుర్తు రాలేదు. ఆమె పొద్దుని టోపీలా కొలిచింది. టోపీకి ఏ కాలమైనా ఒకటే చుట్టు.

సాయంత్రమైంది. ముల్లు గుండ్రంగా తిరిగి మొదటి పోటు దగ్గరికి వచ్చేసింది. చుట్టు నిండిపోయింది. సూర్యుడు కొండ పైన ఉన్నాడు. నీడ దాటని వరసలు ఇంకా ఉన్నాయి.

పొడవడానికి చోటు లేదు. ఆమె సూదిని గాలిలో పట్టుకుని ఉండిపోయింది. తర్వాత, పాత పోట్లకి లోపలి వైపు, కొత్త వరసలో పొడిచింది. ఆ తర్వాతది ఇంకొంచెం లోపల. పొద్దు గూట్లో పడేసరికి గుడ్డ మీద పోట్లు ఒక చుట్టు దాటి లోపలికి మలుపు తిరిగి ఉన్నాయి.

మేం వంగి చూశాం. నత్తగుల్ల.

ఎవరూ గీయలేదు. ఒక దూలం, దాని నీడ, ఒక సూది. పగలు తన ఆకారం తనే గీసుకుని వెళ్లిపోయింది. జువైనా ఆ గుడ్డని అరచేతిలో పెట్టుకుని ఇంటికి నడిచింది, నిండుకుండ మోసినట్టు.

"నాన్నా, వేలు పెట్టు."

ముహన్నా వేలు నత్తగుల్ల అంచు మీద బయలుదేరింది. చుట్టు పూర్తయి, లోపలికి మలుపు తిరిగింది. ఆగింది.

"ఇది వేసవి పగలు" అన్నాడు. ఎవరూ చెప్పకుండానే.

"రాత్రి సంగతేంటి నాన్నా? చుక్కలు నాకు తెలియవు."

"చుక్కలెందుకే? పగలు తిన్నంత రాత్రి పస్తు."

ఆమెకి అర్థమైంది. పగలు చుట్టు దాటి ఎంత దూరం వెళ్లిందో, రాత్రి చుట్టుకి అంత తక్కువలో ఆగుతుంది. ఇంకో గుడ్డ తీసుకుంది. అంత మేర ఖాళీ వదిలేసి, మిగిలిన వంపు మీద దారం పెట్టి మడిచింది. ముడులు దగ్గర దగ్గరగా పడ్డాయి. చివర వేలికేమీ తగలని చిన్న ఖాళీ. అది తెల్లవారు.

సంతలో ఇంకో గడియారం తెప్పించింది. నత్తగుల్లది ఎడమ చేతికి, ఖాళీ ఉన్నది కుడి చేతికి. రెండిటికీ కుమ్మాలు.

*

కోత మొదలైన రోజు జాహిర్ తనే నీడ దగ్గరికి వచ్చాడు. హుమైద్ తన రాయి పక్కన నిలబడ్డాడు. వంతులు తిరిగి తిరిగి, మళ్లీ అతనిదే పగటి చివరి వంతు. గెలలు దింపినవాళ్లు తాళ్లు నడుముకి చుట్టుకునే వచ్చి కూర్చున్నారు. ముహన్నా గట్టు మీద, నీడకి వీపు పెట్టి కూర్చున్నాడు. ఎడమ చేతి గడియారం కుమ్మా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. పక్కనే నేల మీద చేతికర్ర ఉంది. జాహిర్‌కి అందేంత దగ్గరలో.

"బాబాయ్, ముల్లు మొదటి చుట్టు పూర్తి చేసి ఉంటుందే ఈపాటికి" అన్నాడు హుమైద్.

"చేసింది. లోపలికి తిరిగింది."

"లోపలికంటే?"

"నీ తోట వైపుకి."

ఎవరో నవ్వారు. నవ్వు ఆగిపోయింది. నీడ చాలా పొడుగై, పల్చబడి, చివరి వరస వైపు జరుగుతోంది. జాహిర్ దాని మీదికి వంగాడు. జువైనా నీడని చూడలేదు. తండ్రి వేలిని చూసింది. వేలు చివరి ముడి పక్కన ఉంది. తేనెటీగ వాలబోయి ఆగినట్టు.

సూర్యుడి అంచు కొండని తాకింది.

"అయింది" అన్నాడు ముహన్నా.

జాహిర్ కూడా అదే మాటకి నోరు తెరిచాడు. నీడ చివరి రాయి మీద ఉంది. చూస్తుండగానే, రాయి అక్కడే ఉండి, నీడ పోయింది.

అజాన్ మొదలైంది. ముహన్నా కుడిచేతి కుమ్మా తీసి, మరని తిప్పి, ముల్లుని జంట ముడి మీద పెట్టాడు. ఎడమ గడియారానికి టోపీ తొడిగాడు. పగటిని మూసి రాత్రిని తెరిచాడు. హుమైద్ వంగి తన రాయి తను ఎత్తాడు. నీళ్లు ఒక్క క్షణం తడబడి, దారి మార్చుకున్నాయి.

జాహిర్ చేతికర్ర తీసుకున్నాడు. మట్టి దులిపి ముహన్నా చేతిలో పెట్టాడు.

నమాజు అయ్యాక అడిగాడు. "జువైనా, ఇది వేసవికి సరే. చలికాలం ఎలా? అప్పుడు పగలు పొట్టి, రాత్రి పొడుగు. మళ్లీ రెండు కుట్టాలా?"

ఆమె జవాబు చెప్పేలోపు ముహన్నా రెండు చేతులూ ముందుకి చాచాడు. గడియారాలు విప్పాడు. ఎడమది కుడిచేతికి, కుడిది ఎడమచేతికి పెట్టుకున్నాడు.

"ఇలా" అన్నాడు.

వేసవి పగలే చలికాలపు రాత్రి. తరతరాలుగా వంతులు తిప్పుకుంటూ మేం చేసుకున్న న్యాయమంతా అందులోనే ఉంది. దాన్ని ఒక ముసలాయన చేతులు మార్చుకుని చూపించాడు.

ఆ తర్వాత జువైనా నడుమ కాలాలకి ఇంకొన్ని జతలు కుట్టింది. పిందె కాలానికొకటి, దుక్కి కాలానికొకటి. అన్నీ హల్వా డబ్బాలో ఉండేవి, వేటి టోపీలు వాటికి. ముహన్నా బతికినన్నాళ్లూ మా నీళ్లు ఆయన మాట మీదే పారాయి. ఆయన తర్వాత కొత్త ఆరిఫ్‌కి కళ్లు బాగానే కనిపిస్తాయి. అయినా ఆ డబ్బా అడిగి తీసుకున్నాడు.

కానీ నాకు గుర్తుండేది ఆ సాయంత్రమే. అందరూ వెళ్లాక హుమైద్ ఒక్కడూ ఉండిపోయాడు. కళ్లు మూసుకుని ముహన్నా మణికట్టు మీద వేలు పెట్టాడు.

"కదులుతోందా?"

"కదులుతోంది" అంది జువైనా.

"నాకేం తెలియట్లేదే."

"నీడ కదలడం ఎప్పుడైనా చూశావా అన్నా?"

హుమైద్ కళ్లు తెరవలేదు. వేలూ తీయలేదు. పక్కన నీళ్లు వేరేవాళ్ల తోటలోకి పారుతున్నాయి.